రొయ్యల ప్లాంట్ ఈటీపీ నడిపే సర్వీస్ రివ్యూ: పని బాగుంది, శాంపిల్ దగ్గరే పేచీ

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనిచేసే వాళ్ళకి, కొత్తగా ప్లాంట్ పెడదామనుకునే వాళ్ళకి, ఇంకా ప్లాంట్ల వెనకాల డ్రెయిన్ గట్టున కాపురాలుండే వాళ్ళకి కూడా పనికొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నానండి. ఈటీపీ అంటే తెలిసిందే, ప్లాంట్లోంచి బయటికెళ్ళే మురుగునీటిని శుభ్రం చేసే యూనిట్. దాన్ని బాగుచేసి, వాళ్ళ మనుషుల్ని పెట్టి, రోజూ నడిపి, నెలనెలా ల్యాబ్ రిపోర్ట్ చేతిలో పెట్టే సర్వీస్ ఒకటి మా ప్లాంట్‌కి తీసుకున్నాం. నేను ఇక్కడ యుటిలిటీస్ చూస్తాను, కంప్రెసర్లు, బాయిలర్, నీళ్ళు, ఈటీపీ అన్నీ నా నెత్తి మీదే. కంపెనీ పేరు మాత్రం రాయను, నాకు కావాల్సింది ఈ పద్ధతి మారడం, వాళ్ళ వ్యాపారం చెడగొట్టడం కాదు.

ముందే చెప్పేస్తా, 5కి 3.5 ఇస్తున్నా. నడిపే పనికైతే 4.5 ఇవ్వొచ్చు, రిపోర్టుల పనికి 2 కూడా ఎక్కువే. ఎందుకో వివరంగా చెప్తాను, కాస్త పెద్దదే అవుతుంది ఓపిగ్గా చదవండి.

రొయ్యల నీళ్ళంటే ఏముంది ఉత్త కడిగిన నీళ్ళేగా అనుకుంటారు చాలామంది, మా ఆఫీసులో కూర్చునే వాళ్ళు కూడా అదే అనేవాళ్ళు. తలకాయ తీసినప్పుడు కారే రసం, పొట్టు వలిచినప్పుడు పోయే సన్న ముక్కలు, ఐస్ కరిగిన నీళ్ళు, బ్లాంచింగ్ నీళ్ళు (రొయ్యని కాసేపు ఉడికించినవి), షిఫ్ట్ అయ్యాక ఫ్లోర్ కడిగిన క్లోరిన్ నీళ్ళు, అన్నీ ఒకే కాలవలో పడతాయి. అందులో ఎక్కువగా ఉండేది ప్రోటీనే, అది కుళ్ళితే అమ్మోనియా అవుతుంది, గాలి తగలకపోతే కుళ్ళిన కోడిగుడ్డు వాసనొచ్చే గ్యాస్ అవుతుంది. ఈ నీళ్ళు అలాగే డ్రెయిన్‌లోకి పోతే అక్కడి ఆక్సిజన్ అంతా తినేస్తుంది, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. బీఓడీ అనే లెక్క కొలిచేది దీన్నే, నీళ్ళలో ఉన్న కుళ్ళుని తినడానికి సూక్ష్మజీవులకి ఎంత ఆక్సిజన్ కావాలో అని, మన దగ్గర 27 డిగ్రీల దగ్గర 3 రోజులుంచి చూస్తారు. శుభ్రం చేసి కాలవలోకి వదిలే నీళ్ళకి మామూలు పరిమితి లీటరుకి 30 మిల్లీగ్రాములు, అదే పొలానికో తోటకో పారిస్తే 100 దాకా ఒప్పుకుంటారు. ఈ 30కీ 100కీ మధ్యే చాలా కథ నడుస్తుంది, దాని గురించి కింద చెప్తా.

వీళ్ళు రాకముందు మా ఈటీపీ ఎలా ఉండేదంటే, ట్యాంకులన్నీ ఉన్నాయి గానీ ఏదీ దాని పని చేసేది కాదు. ఏరేషన్ ట్యాంక్‌లో, అంటే గాలి కొట్టి బ్యాక్టీరియాతో కుళ్ళు తినిపించే ట్యాంక్‌లో నీళ్ళు నల్లగా ఉండేవి, అడుగున గాలి వదిలే డిఫ్యూజర్లు సగం మూసుకుపోయి ఒక మూల మాత్రమే గాలి బుడగలొచ్చేవి, ఎదురుగాలి వీస్తే గేట్ దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ముక్కుకి రుమాలు కట్టుకునే వాళ్ళు. ఈ వాసన మీద ఊరివాళ్ళు మేనేజ్‌మెంట్‌ని నిలదీశాకే సర్వీస్ కోసం వెతకడం మొదలైంది.

వీళ్ళు చేసినవాటిలో నాకు బాగా నచ్చినది, వచ్చీరాగానే మందులు అమ్మలేదు. ఈ లైన్‌లో ముందు బ్యాక్టీరియా పౌడర్ డబ్బాలు దించుతారు, ఇది వేస్తే వాసన పోద్ది, అది వేస్తే నురగ పోద్ది అని. వీళ్ళ ఇంజినీర్ మాత్రం పీలింగ్ హాల్లోకి వచ్చి కాలవల మీద జాలీలు ఎత్తి చూశాడు, చాలావాటికి అడుగున తట్టలే లేవు, పొట్టూ ముక్కలూ అన్నీ నీళ్ళతో పాటు కొట్టుకొస్తున్నాయి. ముందు తట్టలు పెట్టించాడు, తర్వాత ఈటీపీ ముందు సన్న కన్నాల జల్లెడ, అది దానంతటదే తిరిగే రకం, పెట్టించాడు. నీళ్ళలో కలిసి అరిగాక తీయడం కంటే ముక్కగా ఉన్నప్పుడే పట్టుకుంటే ఖర్చు చాలా తక్కువ. పొట్టు ఎలాగూ కొనేవాళ్ళున్నారు, అందులోంచి కైటిన్ అనే పదార్థం తీసే వాళ్ళు పట్టుకెళ్తారు. పీలింగ్‌లో చేసే ఆడవాళ్ళకి మా సూపర్‌వైజరమ్మ ఒకటే చెప్పింది, "అమ్మా, కింద పడ్డ పొట్టుని పైపుతో కాలవలోకి తోలకండి, చీపురుతో ఎత్తండి" అని. ఈ ఒక్క మార్పుకే ట్యాంక్ మీద తెట్టు కట్టడం బాగా తగ్గిపోయింది.

రెండోది ఈక్వలైజేషన్ ట్యాంక్, వచ్చిన నీళ్ళని ముందు పట్టి ఉంచి సమంగా పంపే ట్యాంక్. సీజన్‌లో సరుకు ఒక్కసారిగా దిగుతుంది, చెరువుల్లో పట్టుబడి సాయంత్రం మొదలైతే లారీలు రాత్రికొస్తాయి, తెల్లవార్లూ పని, ఆ టైంలో నీళ్ళు వరదలా వస్తాయి, మధ్యాహ్నం చూస్తే కాలవ ఎండిపోయి ఉంటుంది. పాత ట్యాంక్ చిన్నది కాబట్టి రాత్రొచ్చిన నీళ్ళు నిండి పొర్లి నేరుగా ఏరేషన్‌లోకి పోయేవి. అందులో హైపో (క్లోరిన్ ద్రావణం) కలిసిన ఫ్లోర్ నీళ్ళు కూడా, 100 పీపీఎం (లీటరుకి 100 మిల్లీగ్రాములు) పైన క్లోరిన్ ఉన్నవి, ఒకేసారి పడితే లోపల పెంచుకున్న బ్యాక్టీరియా చచ్చిపోతుంది, పొద్దున్నే తెల్లటి నురగ. వీళ్ళు ట్యాంక్ కెపాసిటీ పెంచి, లోపల కలిపే గాలి పెట్టి, ఇరవైనాలుగు గంటలూ ఒకే లెక్కన నీళ్ళు ముందుకెళ్ళేలా పంపు సెట్ చేశారు. క్లోరిన్ ఆ ట్యాంక్‌లోనే కుళ్ళుతో కలిసి ఖర్చయిపోతుంది. నిజం చెప్పాలంటే మా పేచీ సగం ఇక్కడే తీరింది.

ఆపరేటర్ కుర్రాడి గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఐటీఐ చదివిన కుర్రాడు, ప్రతి షిఫ్ట్‌లో లీటరు గాజు జాడీతో ఏరేషన్ ట్యాంక్ నీళ్ళు ముంచి గట్టు మీద పెట్టి అరగంట కదపకుండా చూస్తాడు. బురద చాక్లెట్ రంగులో గుత్తులుగా కూడి కిందికి దిగిపోయి 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగి, పైన నీళ్ళు తేటగా నిలబడితే ట్యాంక్ ఆరోగ్యంగా ఉన్నట్టు, వాసన కూడా వాన పడ్డ మట్టి వాసనలా ఉంటుంది. బురద 800, 900 దగ్గరే తేలుతుంటే లోపల ఏదో తేడా వచ్చినట్టు. ఒకరోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసి "సార్, జాడీలో బురద దిగట్లేదు, రాత్రి ఉప్పు నీళ్ళు ఎక్కువ వదిలారేమో కనుక్కోండి" అన్నాడు. కనుక్కుంటే నిజంగానే బ్రైన్ (ఉప్పు నీళ్ళ) ట్యాంక్ ఖాళీ చేశారు. అలా జాడీ చూసి చెప్పగలిగే మనిషి దొరకడం ఈ సర్వీస్‌లో అసలు విలువ అంటాను. మీరు ఎవరిని పెట్టుకున్నా కంపెనీ బ్రోచర్ కాదు, మీ దగ్గర ఉండబోయే ఆపరేటర్ని చూడండి, మాట్లాడండి, అతనికి జీతం టైముకి ఇస్తున్నారో లేదో కూడా అడగండి.

సేఫ్టీలో కూడా మార్కులు పడాలి. సంప్‌లో (మురుగు చేరే గుంతలో) దిగేముందు గ్యాస్ మీటర్ తాడు కట్టి లోపలికి దించి చూస్తారు, బ్లోయర్‌తో గాలి పెడతారు, పైన ఇద్దరు నిలబడకుండా ఎవర్నీ దింపరు. ఈ గుంతల్లో విషవాయువుతో మనుషులు పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు, ఒకర్ని కాపాడబోయి ఇంకొకరు. ఈ విషయంలో బేరమాడే కంపెనీని గేట్ లోపలికి రానివ్వకండి.

ఇంక కంప్లైంట్‌కి వస్తాను.

నెలనెలా వచ్చే రిపోర్ట్ చూస్తే అంతా బ్రహ్మాండంగా ఉంటుంది, బీఓడీ 30 లోపల, సీఓడీ (మురుగుని రసాయనాలతో ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్) 250 లోపల, సస్పెండెడ్ సాలిడ్స్ (నీళ్ళలో తేలే సన్న నలుసులు) 100 లోపల, ఆయిల్ అండ్ గ్రీజ్ 10 లోపల. కానీ శాంపిల్ ఎప్పుడు పడుతున్నారు? పగలు పదకొండు గంటల టైంలో, రాత్రి లోడ్ అంతా వెళ్ళిపోయి కొత్త లోడ్ ఇంకా మొదలవ్వని గంటలో, ఒక్క సీసా ముంచి పట్టుకెళ్తారు. ఆ సీసాలో ఉన్న నీళ్ళు నిజమే, రిపోర్ట్ కూడా నిజమే, కానీ ప్లాంట్ రోజంతా వదిలేది ఆ నీళ్ళు కాదు. నేను అడిగితే సేల్స్ ఆయన, "సార్, కాంట్రాక్ట్‌లో నెలకో శాంపిల్ అని ఉంది, ఏ టైం అని లేదు కదండీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బులు తీసుకునేది నీళ్ళు శుభ్రం చేయడానికా, కాగితం శుభ్రంగా ఉంచడానికా?

దీనికంటే పెద్ద సంగతి ఇంకోటుంది, సోకింగ్ నీళ్ళు. ఈ మాట బయటివాళ్ళకి తెలియదు, లోపలివాళ్ళు మాట్లాడరు. వలిచిన రొయ్య ఫ్రీజ్ చేసినప్పుడు నీరు కోల్పోకుండా ఎస్‌టీపీపీ అనే ఫాస్ఫేట్, ఉప్పు కలిపిన చల్లటి నీళ్ళలో కొన్ని గంటలు నానబెడతారు. బరువుకి బరువు చూస్తే ఎస్‌టీపీపీలో నాలుగో వంతు భాస్వరమే. 2 శాతం ద్రావణం అనుకోండి, లీటరుకి 20 గ్రాములు, అందులో భాస్వరం 5 గ్రాములు, అంటే 5,000 మిల్లీగ్రాములు. రొయ్య పీల్చుకున్నది తీసేసినా మిగిలేది చాలా ఎక్కువ. కాలవలోకి వదిలే నీళ్ళలో కరిగిన ఫాస్ఫేట్‌కి పరిమితి భాస్వరం లెక్కన లీటరుకి 5 మిల్లీగ్రాములు. 5,000 ఎక్కడ, 5 ఎక్కడ? మిగతా నీళ్ళతో కలిసి పలచబడుతుంది నిజమే, కానీ గాలి కొట్టి బ్యాక్టీరియాతో చేసే మామూలు ట్రీట్‌మెంట్‌కి భాస్వరం పెద్దగా లొంగదు, పటికో ఫెర్రిక్ క్లోరైడో సున్నమో వేసి బురదగా కింద కూర్చోబెట్టాలి. మాకిచ్చిన నెల రిపోర్ట్‌లో ఫాస్ఫేట్ అనే లైనే లేదు! అడగలేదు కాబట్టి టెస్ట్ చేయలేదన్నారు. ఆ భాస్వరం తిని డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పట్టేస్తుంది, నాచు కడుతుంది, అది కుళ్ళి మళ్ళీ ఆక్సిజన్ పోతుంది, ఇటు పంచాయతీ వాళ్ళు డెక్క తీయించలేక చస్తుంటారు. మా గోడ అవతల జరిగేది మాకు సంబంధం లేదనుకుంటే ఎలాగండీ.

ఈ విషయం మీద గట్టిగా పట్టుబట్టాక వీళ్ళు కొంత దిగొచ్చారు, అది కూడా రాయాలి. సోకింగ్ టబ్బుల నీళ్ళకి వేరే లైన్ వేసి చిన్న ట్యాంక్‌లో పట్టి అక్కడే ఫెర్రిక్ వేసి కూర్చోబెడుతున్నారు, ఎంత వెయ్యాలో రోజూ జార్ టెస్ట్ (చిన్న జాడీల్లో వేర్వేరు మోతాదులు వేసి చూడటం) చేసి చూస్తున్నారు. వేరు చేయడమే ఇందులో కిటుకు, టబ్బు నీళ్ళు కొద్దిగానే ఉంటాయి కాబట్టి చిన్న ట్యాంక్ చాలు, మొత్తం నీళ్ళలో కలిశాక తీయాలంటే కెమికల్ ఖర్చుకి మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు. బురద మాత్రం పెరుగుతుంది, దాన్ని ఆరబెట్టే బెడ్‌లు వానాకాలంలో ఆరవు, ఇప్పటికీ అది మాకు తలనొప్పే.

30, 100 కథ చెప్తానన్నాను కదా. చాలా ప్లాంట్లు మేం నీళ్ళు కాలవలోకి వదలం, మా ఆవరణలో మొక్కలకి పారించుకుంటాం అని పర్మిషన్ తీసుకుంటాయి, అప్పుడు 100 వర్తిస్తుంది. ఎండాకాలంలో సరే. మన డెల్టా నల్లమట్టి, ఆషాఢంలో ముసురు పట్టిందంటే కాలు దిగబడే నేల, ఒక చుక్క ఇంకదు, ఆ రోజుల్లో ఆ నీళ్ళు ఎటు పోతాయి? పల్లానికి, అంటే డ్రెయిన్‌లోకే. ఈ సర్వీస్ వాళ్ళు కూడా మొదట 100కే డిజైన్ చేస్తామన్నారు. నేను 30కే చేయమన్నాను, కొటేషన్ పెరిగింది, మా ఎండీ గారు మొదట మూతి ముడిచినా చివరికి సంతకం పెట్టారు. మీరు కూడా కాగితం మీద ఏది రాసినా డిజైన్ మాత్రం 30కే అడగండి.

చట్టం సంగతి తెలియని వాళ్ళకోసం క్లుప్తంగా. 1974 నీటి కాలుష్య చట్టం కింద ప్లాంట్ కట్టడానికి ఒక అనుమతి, నడపడానికి ఇంకోటి కావాలి. పనిచేసే ఈటీపీ లేకుండా ఏ పరిశ్రమా నడవకూడదని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది, అక్కడ ముఖ్యమైన మాట "పనిచేసే". అందుకే ఈటీపీకి విడిగా కరెంట్ మీటర్, లోపలికొచ్చే నీళ్ళకీ బయటికెళ్ళే నీళ్ళకీ ఫ్లో మీటర్లు పెట్టుకోవాలి. ల్యాబ్ రిపోర్ట్ కంటే నేను ఆ కరెంట్ మీటర్‌నే ఎక్కువ నమ్ముతాను, ట్యాంక్‌కి గాలి కొట్టే బ్లోయర్ రాత్రి ఆపేస్తే యూనిట్లు పడిపోతాయి, దాచలేరు. 2025లో అమెరికా టారిఫ్ 50 శాతానికి ఎక్కినప్పుడు ప్రతి ప్లాంట్‌లో ఖర్చులు తగ్గించండని మీటింగులే మీటింగులు, ముందు అందరి కన్నూ పడేది ఈటీపీ బ్లోయర్ల మీదే, ఎందుకంటే అవి ఆపితే సరుకు ఆగదు. మా దగ్గర ఈ సర్వీస్ వాళ్ళు బ్లోయర్ ఆపడానికి ఒప్పుకోలేదు, రాసివ్వమన్నారు, ఎవరూ రాసివ్వలేదు, అది నడుస్తూనే ఉంది. ఆ రోజు వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది.

వీళ్ళకే చెరువుల ప్యాకేజీ కూడా ఉంది, దాన్ని మా బావగారు వనామీ (చెరువుల్లో పెంచే ఒక రొయ్య రకం) చెరువుల దగ్గర పెట్టించుకున్నారు కాబట్టి దాని గురించి కూడా రెండు ముక్కలు. 1996 డిసెంబర్‌లో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది, ఆ తర్వాతే 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, తీరప్రాంతంలో వనామీ వేసేవాళ్ళకి చెరువు ఎంత చిన్నదైనా చివర్లో నీళ్ళు శుభ్రం చేసే ఏర్పాటు ఉండాల్సిందే. క్రీకుల్లోకి వదిలితే బీఓడీ 20, సముద్రంలోకి అయితే 50. వీళ్ళు చేసేది సింపుల్, ఒక చెరువుని వదిలేసి, మధ్యలో అడ్డంగా వెదురు బొంగులకి వల కట్టి నీళ్ళు వంకర్లు తిరిగి నిదానంగా వెళ్ళేలా చేస్తారు. పట్టుబడి రోజు మొదట వదిలే నీళ్ళు కాస్త తేటగానే ఉంటాయి, చివరి ఐదో వంతు నీళ్ళతోనే అడుగు నల్లమట్టి, మేత మిగులు, మలం అన్నీ లేచి వస్తాయి, ఆ చివరి భాగాన్ని ఈ చెరువులో ఆపి కూర్చోబెట్టి వదిలితే చాలావరకు పని అయిపోతుంది. బావగారి దగ్గర ఇది చక్కగా పనిచేసింది, ఈ ప్యాకేజీకి 4 ఇస్తా. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే రెండెకరాల రైతు అందులో కొంత భూమి ఖాళీగా వదులుకోలేడు, నలుగురైదుగురు రైతులకి కలిపి ఉమ్మడి చెరువు ప్లాన్ ఇవ్వండంటే వీళ్ళ దగ్గర లేదు.

చెరువు రైతులకి నేను చెప్పేది, ఇది ఎవరో ఆఫీసర్ కోసం కాదు. మనం వదిలే డ్రెయిన్ లోంచే కింద ఊరి రైతు ఇంజిన్ పెట్టి నీళ్ళు తోడుకుంటాడు, మన పైన రైతు వదిలింది మనం తోడుకుంటాం. వైట్ స్పాట్ (రొయ్యలకి వచ్చే వైరస్ రోగం) వచ్చిన చెరువు నీళ్ళు రాత్రికి రాత్రి తూము ఎత్తి వదిలేస్తే ఆ కాలవ మీద బతికే వాళ్ళందరి పంటా పోయినట్టే. రోగమొచ్చిన చెరువుని బ్లీచింగ్ కొట్టి కొన్నాళ్ళు ఆపి వదలమని ఈ కంపెనీ కుర్రాళ్ళు రైతులకి గట్టిగా చెప్తారు, అది నచ్చింది.

ఊరివాళ్ళ కోపం ఊరికే రాదండి. భీమవరం దగ్గర తుందుర్రు ఆక్వా ఫుడ్ పార్క్ (రొయ్యలు, చేపలు ప్రాసెస్ చేసే పార్క్) గొడవ గుర్తుంది కదా, 2016లో జనం గుమికూడకుండా 144 సెక్షన్ పెట్టేదాకా పోయింది, తుందుర్రు, జొన్నలగరువు, కె.బేతపూడి జనం అడిగింది మురుగు గొంతేరు డ్రెయిన్‌లోకి వదిలితే మా పొలాలూ మా నీళ్ళూ ఏమైపోవాలి అనే, ఆఖరికి పైప్‌లైన్ వేసి సముద్రానికి పంపుతామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. అప్పటికే భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్ మురుగుతో ఉన్న పరిస్థితి కళ్ళారా చూస్తున్న జనానికి మాటల మీద నమ్మకం ఎలా వస్తుంది? రోజంతా గంటగంటకీ పట్టి కలిపిన శాంపిల్ రిపోర్ట్‌ని పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించమని మా మేనేజ్‌మెంట్‌కి చెప్పాను, ఆలోచిస్తామన్నారు, నేను వదలను.

కస్టమర్ సర్వీస్ మామూలే. ఫోన్ ఎత్తుతారు, ఇంజినీర్ వస్తాడు, కానీ స్పేర్లు లేట్. బ్లోయర్ బెల్ట్ లాంటివి కూడా హైదరాబాద్ నుంచి రావాలంటారు, సీజన్‌లో బ్లోయర్ ఒక్క రోజు ఆగితే ట్యాంక్ మళ్ళీ దారికి రావడానికి చాలా టైం పడుతుంది, స్టాండ్‌బై బ్లోయర్ లేకుండా కాంట్రాక్ట్ చేసుకోవద్దు. బిల్లింగ్‌లో దాపరికం లేదు.

మీ చేతిలో ఇలాంటి కంపెనీ కొటేషన్ ఉంటే సంతకం పెట్టేముందు ఇవి రాయించుకోండి: శాంపిల్ ఇరవైనాలుగు గంటలదీ కలిపి పట్టాలి, అందులో సీజన్ రాత్రులు తప్పకుండా ఉండాలి, రిపోర్ట్‌లో ఫాస్ఫేట్, అమ్మోనియా లైన్లు ఉండాలి, ల్యాబ్‌ని మీరే ఎంచుకోవాలి వాళ్ళు కాదు, సీసా పట్టేటప్పుడు మీ మనిషి పక్కన ఉండి టైం రాసి సంతకం పెట్టాలి. మాకు వచ్చే రెన్యువల్‌లో ఇవన్నీ పెట్టమని రాసి పంపాను. వాళ్ళు ఒప్పుకుంటే రేటింగ్ 4.5కి మారుస్తాను, ఒప్పుకోకపోతే ఆపరేటర్ కుర్రాడిని మా రోల్‌లోకి తీసుకుని ఈటీపీ మేమే నడుపుకుంటాం.